జిల్లా నడుమ మద్దిగుంపు

ఖమ్మం కమాన్ బజారులోని ట్రేసింగు దుకాణం ముందు తెల్ల కారు ఆగినప్పుడు జహీదా ఒక చెరువు కాలువల మ్యాపు మీద ఆఖరి గీత గీస్తోంది. కారు దిగిన మనిషి గడప దగ్గర నిలబడి రెండుసార్లు దగ్గినా ఆమె తలెత్తలేదు. గీత చివరికంటా వచ్చాక పెన్ను పక్కన పెట్టి, అప్పుడు చూసింది.

ఆ పద్ధతి తండ్రి దగ్గర నేర్చుకున్నది. ఆయన అదే బల్ల దగ్గర ముప్పై ఏళ్లు మ్యాపులకు నకళ్లు తీశాడు. గీత వెంట్రుకవాసి జరిగినా ఎవరి పొలమో ఎవరికో పోతుందని కూతురికి చిన్నప్పుడే చెప్పాడు. ఆయన పోయాక దుకాణం జహీదా చేతికొచ్చింది. ఇప్పుడామెకు నలభై ఒకటి. భర్త ఫజల్‌కు పక్క సందులో గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది.

వచ్చినాయన పేరు వెంకటరామారావు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చి ఖమ్మంలో ప్లాట్ల వ్యాపారంలో కుదురుకున్న మనిషి. అది రెండువేల మూడు, జూలై నెల. అక్టోబరుకు జిల్లా ఏర్పడి యాభై ఏళ్లు నిండుతాయని పట్టణంలో కొందరు పెద్దలు స్వర్ణోత్సవ సంఘం ఒకటి పెట్టుకున్నారు. దానికి ఆయనే కార్యదర్శి.

"జహీదమ్మా, జిల్లా మ్యాపు కావాలి. గోడంత ఉండాలి. వాజేడు నుంచి మధిర దాకా, బయ్యారం నుంచి కూనవరం దాకా ఏ ఊరూ పోకూడదు" అన్నాడు కుర్చీ లాక్కుని. "దాంతోపాటు ఇంకోటి. మన జిల్లాకి సరిగ్గా నడిమధ్య ఏ చోటు వస్తుందో తేల్చాలి. అక్కడో స్తంభం వేద్దామనుకుంటున్నాం. మంత్రిగారి చేత ఆవిష్కరణ."

"అది ఏడ వడ్తదో ఇప్పుడు చెప్పలేం సార్. అడివిల వడొచ్చు, గోదాట్ల వడొచ్చు."

"ఎక్కడ పడితే అక్కడే వేద్దాం. గోదాట్లో పడితే పడవెక్కి పోదాం. అడవిలో అయితే రోడ్డేయిస్తాం. మంత్రిగారు వస్తున్నారంటే రోడ్డు పడకేం చేస్తుందమ్మా!" అని పెద్దగా నవ్వాడు.

ఇన్నేళ్లలో జహీదా గీసినవన్నీ వేరేవాళ్ల గీతల మీద గీతలే. ఎవరూ గుర్తించని చోటును మొదటిసారి తానే గుర్తించే పని ఇది. ఆమెకు ఒంట్లో కొత్త చురుకు పుట్టింది.

నెలరోజులు పట్టింది. మండలాల మ్యాపు షీట్లన్నీ కలిపి జిల్లా ఆకారాన్ని ఒకే మందం ఉన్న జింకు రేకు మీదికి ఎక్కించింది. రేకుల పని చేసే అతని పక్కనే కూర్చుని, గోదావరి ఒంపులతో సహా, గీత వెంబడే కత్తిరింపజేసింది. తర్వాత రేకు అంచున ఒక చిల్లు పెట్టి మేకుకు వేలాడదీసింది. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుదారాన్ని అదే మేకుకు కట్టి, దారం ఊగడం ఆగాక దాని వెంట గీత గీసింది. రేకును తిప్పి ఇంకో అంచున, మళ్లీ ఇంకో అంచున అట్లాగే చేసింది. మూడు గీతలూ ఒకదాన్నొకటి కోసుకున్న చోట చిటికెన వేలి గోరంత జాగా మిగిలింది. ఎటు వేలాడదీసినా దారం రేకు బరువుకు నడుమ మీదుగానే పోతుంది గనుక అదే జిల్లాకు నడుమ.

అంతటితో నమ్మకం కుదరక కొత్తగూడెంలో ఉండే జాషువా దగ్గరికి వెళ్లింది. ఆయన బొగ్గుగనుల్లో సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి, తండ్రికి స్నేహితుడు. ఆయన మ్యాపును గళ్లుగళ్లుగా విడదీసి వారంపాటు లెక్కలు కట్టాడు. రెండు ఫలితాలకూ తేడా ఒక కిలోమీటరు.

"బాగనే చేసినవ్ బిడ్డా" అన్నాడు జాషువా కళ్లజోడు తీసి. "పాల్వంచకు ఉత్తరాన, రాళ్లవాగు అవుతల. కాని ఆడ ఊరేం లేదే. మ్యాపు మీద ఒట్టి పచ్చరంగే ఉన్నది."

ఊరు ఉంది. ఆగస్టు చివర వానలు తెరిపిచ్చిన రోజు, జాషువా ఎవరినో అడిగి తెచ్చిన జీపీఎస్ యంత్రం పట్టుకుని ఇద్దరూ వాగు ఒడ్డుకు చేరేసరికి, అవతలి నుంచి ఒకామె నెత్తిన ఖాళీ గోనెసంచి పెట్టుకుని తొడల్లోతు నీళ్లలో నడిచి వస్తోంది. యాభై దాటిన మనిషి. ఈ ఒడ్డుకు వచ్చాక చీరె కొంగు పిండుకుంటూ వీళ్లను పైనుంచి కిందికి చూసింది.

"ఎవలు మీరు? ఓట్లకా?"

ఓట్లకు కాదని జాషువా చెప్పాడు. ఆమె పేరు సవరమ్మ. వాగు అవతల మద్దిగుంపు అనే కోయగూడెంలో ముప్పై ఒక్క గడప ఉందనీ, తాను అక్కడి అంగన్‌వాడీలో ఆయానని చెప్పింది. పిల్లల బియ్యం బస్తా ఈ ఒడ్డున దించిపోతారు. దాన్ని సగం సగం చేసి నెత్తిన పెట్టుకుని వాగు దాటించడం ఆమె పని. వీళ్లను చూసి ఆ పని తర్వాత చేసుకుందామనుకుని, జహీదా చెయ్యి పట్టుకుని వాగు దాటించింది.

"గీ వాగే మమ్మల్ని తింటది మేడమ్" అంది నీళ్ల మధ్యలో, ఎప్పటి సంగతో చెబుతున్నట్టు మామూలుగా. "మా ఇంటాయన్ని పాము కరిసినప్పుడు పొద్దుగాల నుంచి ఒడ్డు మీదనే కూసున్నం. నీళ్లు తగ్గుతయేమో అని. మధ్యాహ్నానికి తగ్గినయ్. ఆయన అప్పటికే లేడు."

జహీదా ఆమె చెయ్యిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

వాగు నుంచి గుంపుకు నాలుగు కిలోమీటర్లు. దారి అనేది లేదు, తుప్పల మధ్య కాలిబాట. యంత్రంలో అంకెలు మారుతూ మారుతూ, గుంపు వెనక ప్రార్థన పాకను దాటి అరవై అడుగులు వేశాక ఒక వెడల్పాటి బండ దగ్గర నిలిచాయి. జాషువా తల ఊపాడు. జహీదా చిన్న డబ్బాలోని ఎర్ర రంగుతో బండ మీద గుర్తు పెట్టింది. అప్పటికి గుంపంతా చుట్టూ చేరింది. వాళ్లలో వాళ్లు కోయ భాషలో ఏదో అనుకున్నారు. సవరమ్మ తెలుగులో అడిగింది.

"గీడ ఏమున్నది మేడమ్? బొగ్గా?"

"ఏం లేదక్కా. ఇది జిల్లాకు నడుమ. ఖమ్మం జిల్లా మొత్తానికి నట్టనడుమ మీ ఊరే."

సవరమ్మ ఆ మాటను కోయలో అందరికీ చెప్పింది. అందరూ పగలబడి నవ్వారు. సవరమ్మ కళ్లు తుడుచుకుంటూ అంది: "నడుమనా? మేం ఇదే ఆఖరు అనుకుంటున్నం. ఇంతకు అవుతల ఇంక ఏ ఊరూ లేదనుకున్నం."

ఆ నవ్వు జహీదాకు గుచ్చుకుంది. అందుకే నోరు జారింది. "ఇగ చూడు. ఈడ స్తంభం ఏస్తరు. మంత్రిగారు వస్తరు. వాగు మీద బ్రిడ్జి లేకుంట మంత్రి ఎట్లొస్తడు? రోడ్డు పడుతది. నాకు వాళ్లే చెప్పిండ్రు."

తిరుగుదారిలో జాషువా, "గంత మాట ఇచ్చుడు ఎందుకు బిడ్డా" అన్నాడు. జహీదాకు ఆయన మీద చిరాకేసింది. ముసలాయనకు దేని మీదా నమ్మకం లేదనుకుంది.

ఆ రోజే కూర్చుని రిపోర్టు రాసింది. చోటు వివరాలు, కొలిచిన పద్ధతి, కిలోమీటరో రెండో తేడా ఉండొచ్చన్న సంగతి, అన్నీ రాసి సంఘానికి ఇచ్చింది. గోడంత మ్యాపూ పూర్తి చేసింది. పచ్చరంగు మధ్యలో మొదటిసారి మద్దిగుంపు అని పేరు వేసి, పక్కన ఎర్రచుక్క పెట్టింది.

సెప్టెంబరు ఆఖరు వారంలో ఆహ్వానపత్రిక వచ్చింది. మందపాటి కార్డు, బంగారు రంగు అక్షరాలు. జహీదా తన పేరు ఉందేమో అని చూసింది. ఉంది. ఆ పైన వేదిక ఎక్కడో చదివింది. మళ్లీ చదివింది. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద, ఫలానా నగర్ కొత్త లేఅవుటు ఆవరణ.

ఆమె ఆటో ఎక్కి నేరుగా వెంకటరామారావు ఆఫీసుకు వెళ్లింది. లోపల ఆయన ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. బల్ల మీద కరపత్రాల కట్టలున్నాయి. పైన ఉన్నదాని మీద ఆమె గీసిన మ్యాపే, చిన్నగా చేసి అచ్చు వేశారు. ఎర్రచుక్క మాత్రం జరిగిపోయింది. మద్దిగుంపు పేరు లేదు. కింద పెద్ద అక్షరాల్లో: 'శాస్త్రీయంగా నిర్ధారించిన జిల్లా కేంద్రబిందువు పక్కనే మీ సొంత ప్లాటు.'

జహీదా ఆ చుక్క మీద వేలు పెట్టి చూసింది.

"కార్డు అందిందా? బాగా వచ్చింది కదూ" అన్నాడాయన ఫోను పెట్టేసి.

"స్తంభం ఏడ వెడుతున్నరు సార్?"

"రోడ్డు పక్కన. జనం రావాలి, బస్సులాగాలి, నలుగురూ ఫోటోలు దిగాలి. అడవిలో పెడితే ఎవరు చూస్తారమ్మా, ఎలుగుబంట్లా?"

"అవి మీ ప్లాట్లు."

"నావే. స్థలం ఊరికే ఇచ్చాను. ఇంకెవరిస్తారు?"

"నేను చెప్పిన జాగ నుంచి అది పద్నాలుగు కిలోమీటర్లు."

"నువ్వే రాసిచ్చావుగా, కొంచెం అటూ ఇటూ కావచ్చని."

"రెండు అని రాసిన. పద్నాలుగు అని రాయలే."

"అబ్బా, ఎవరు కొలుస్తారు జహీదమ్మా?"

"నేను కొలిచిన!" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. బయట కూర్చున్న గుమాస్తా లోపలికి తొంగిచూశాడు. "వాగుల దిగి, నడిసిపోయి కొలిచిన. ఆడ ముప్పై ఒక్క గడప ఉన్నది. రోడ్డొస్తదని చెప్పొచ్చిన. మీరే చెప్పిండ్రు నాకు, ఈ నోటితోనే, అడివైతే రోడ్డేయిస్తమని!"

వెంకటరామారావు ముఖంలో నవ్వు పోలేదు. అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది. "మాటవరసకు అన్నాను. నీకు జరిగిన నష్టమేంటి? రాయి మీద నీ పేరు చెక్కించాను. 'కేంద్రాన్ని నిర్ధారించినవారు శ్రీమతి జహీదా బేగం' అని. నీ మనవలూ మునిమనవలూ చూసుకుంటారు. దీనికి సంతోషించాలి గానీ..."

"తీసేయుండ్రి నా పేరు."

"గ్రానైటు మీద చెక్కింది తీయడం కుదరదమ్మా. వెళ్లు, ఇంటికెళ్లి చల్లగా మంచినీళ్లు తాగు."

ఆమె కరపత్రం ఒకటి తీసుకుని వచ్చేసింది. దారంతా దాన్ని పిడికిట్లో నలుపుతూనే ఉంది.

ఫజల్ కంటికి బిగించిన అద్దం తీయకుండానే అంతా విన్నాడు. "జానే దో జహీదా, పోనియ్. ఆయన చేతిల ఎందరున్నరో నీకు తెలుసు. కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు, నీ దుకాణానికి వచ్చేది వాళ్లే. ఒక రాయి గీడ ఉంటేంది, గాడ ఉంటేంది?"

"గీ గడియారం పదినిమిషాలు ఎనకకు పోతది, కాని బాగైందని చెప్పి నువ్వు ఎవనికన్న ఇస్తవా?"

ఫజల్ కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నా పేరు వెట్టి అబద్ధం చెక్కిండు. నా మ్యాపు వెట్టి ప్లాట్లు అమ్ముతుండు. నన్ను సంతోషపడమంటుండు!" ఆమె బల్లను అరచేత్తో చరిచింది. విప్పి పెట్టిన గడియారం మరలు ఎగిరి పడ్డాయి. ఫజల్ వాటిని ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఆమె కూడా వంగి ఏరింది.

మర్నాడు ఒక్కతే బస్సెక్కి మద్దిగుంపుకు బయల్దేరింది. ఊరివాళ్లు పత్రికలో చూసి తెలుసుకునే కంటే తన నోటితో చెప్పడం న్యాయమనుకుంది. వాగు దాటి ఒడ్డెక్కాక ఆగిపోయింది.

కాలిబాట లేదు. దాని చోట బండి పట్టేంత వెడల్పున దారి ఉంది. తుప్పలు కొట్టేశారు. పల్లాల్లో రాళ్లు పోసి ఎర్రమట్టి కప్పారు. నాలుగు కిలోమీటర్లూ అంతే. పక్కన ఏరిపోసిన రాళ్ల కుప్పలు. మధ్యలో ఒకచోట ఇంకా పని నడుస్తోంది. ఐదారుగురు ఆడవాళ్లు తట్టలతో మట్టి మోస్తున్నారు. సవరమ్మ తట్ట దించి ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"సూసినవా మేడమ్! ఇంటికొకరం చొప్పున నెలదినాలు చేసినం. వాగు మీదిది సర్కారు ఏసుకుంటది, ఈ నాలుగు కిలోమీటర్లన్న మేం సాపు చేస్తే మంత్రి కారు ఆగకుంట వస్తదని. ఎన్నడొస్తుండు?"

జహీదా నిలబడే చెప్పింది. దాచలేదు, మెత్తబరచలేదు. స్తంభం రోడ్డు పక్కన వేస్తున్నారని, మంత్రి ఇక్కడికి రాడని, వంతెన లేదని చెప్పింది. కరపత్రం మడత విప్పి చూపించింది.

సవరమ్మ దాన్ని తీసుకోలేదు. తర్వాత కోపం ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"మేం అడిగినమా నిన్ను? రమ్మన్నమా? మా బతుకేదో మేం బతుకుతున్నం. ఈ వాగు గింతే, మా రాత గింతే అని మేం ఊకున్నం. నువ్వొచ్చి బండ మీద ఎర్రరంగు వూసి, నడుమ, నడుమ అని చెప్పి పోతివి. పసిపిల్లలకాడికెల్లి అందరు రోడ్డు రోడ్డు అన్నరు. కూలికి పోకుంట నెలదినాలు మట్టి మోసినం. ఇప్పుడు వచ్చి లేదంటవా? మల్లా ఏ మొఖం వెట్టుకొని వచ్చినవ్?"

ప్రతి మాటా నిజమే. జహీదా తల దించుకోలేదు. దించుకుంటే జాలి అడుక్కున్నట్టుంటుందని అనిపించింది. "నిజమే అక్కా. నా తప్పే. వాళ్ల మాట వట్టుకొని మీకు మాటిచ్చిన" అంది. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దుఃఖం నీళ్లు కావు. కోపం నీళ్లు.

సవరమ్మ ఆమె చేతులు చూసింది. వాటిలో నలిగిన కరపత్రం చూసింది. తట్ట మీద చతికిలబడింది.

"ఆ రాయి మీద మా ఊరు పేరు ఉన్నదా?" అని అడిగింది చివరికి.

"లేదు. నా పేరున్నది."

"అయితే ఏం చేస్తవ్?"

"తీసేస్త."

"ఎన్నడు?"

"అందరి ముందట."

సవరమ్మ లేచి చీరె దులుపుకుంది. "ఎవని రాయో నేను గూడ సూస్త. మాకు దారి ఉన్నదిగద ఇప్పుడు. ఎంతమందిమైనా నడిసొస్తం" అంది.

ఉత్సవానికి ముందురోజు ఫజల్ గుడ్డలో చుట్టిన ఉలీ సుత్తే తెచ్చి జహీదా ముందు పెట్టాడు. గ్రానైటు పాలిషు చేసే చోట తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చానన్నాడు. "జోరుగ కొట్టకు. ఉలి జారి చేతికి తగుల్తది. చిన్న దెబ్బలు, దగ్గరదగ్గర కొట్టు" అని ఒక రాతిముక్క మీద చూపించాడు. "పోవద్దని చెప్పను. చెప్పినా వినవు."

అక్టోబరు ఒకటో తేదీ పొద్దున లేఅవుటు ముందు షామియానాలు, మైకులు, స్కూలు పిల్లల వరుసలు. మధ్యలో రెండు నిలువుల ఎత్తున నల్ల స్తంభం, దానికి చుట్టిన పట్టుగుడ్డ. మంత్రి ఇంకా రాలేదు. వెంకటరామారావు తెల్లబట్టల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. జహీదాను చూసి చేతులు జోడించి, "వచ్చావా అమ్మా, మనసు కుదుటపడిందన్నమాట. పైన కూర్చో, శాలువా ఉంది" అన్నాడు.

ఆమె వేదిక వైపు వెళ్లలేదు. స్తంభం దగ్గరికి వెళ్లి గుడ్డ పైకెత్తింది. తన పేరు తెల్లగా మెరుస్తోంది. సంచిలోంచి ఉలి తీసి మొదటి అక్షరం మీద ఆనించి సుత్తెతో కొట్టింది.

మొదటి దెబ్బకు గీటు మాత్రమే పడింది. రెండోదానికి పెళ్ల లేచింది. టంగుమన్న ఆ చప్పుడుకు మైకు పరీక్షించేవాడు ఆగిపోయాడు. నలుగురు కుర్రవాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లు చేరేలోపే సవరమ్మ, ఆమె వెనక పాతికమంది ఆడవాళ్లు స్తంభం చుట్టూ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. తెల్లవారకముందే బయల్దేరి నడిచి వచ్చినవాళ్లు. పాదాలు మోకాళ్ల దాకా ఎర్రమట్టి.

"ముట్టుకో సూద్దాం" అంది సవరమ్మ ముందున్నవాడితో. వాడు వెనక్కి తగ్గాడు.

"ఏంటమ్మా ఈ పిచ్చి పని!" వెంకటరామారావు అరిచాడు. ఆయన నవ్వు అప్పుడు పోయింది. "సంఘం సొత్తు అది! కేసవుతుంది!"

జహీదా కొట్టడం ఆపలేదు. "రాయి మీది సార్. పేరు నాది. నాది నేను తీసుకపోతున్న." ఒక్కో అక్షరానికి ఐదారు దెబ్బలు పడుతున్నాయి. రాతిపొడి కళ్లలో పడింది, వేలి కణుపు మీద చర్మం లేచింది. పత్రికల వాళ్లు దగ్గరికొచ్చి ఇదంతా ఎందుకని అడిగారు. ఆమె కొడుతూనే గట్టిగా చెప్పింది. జిల్లాకు నడుమ ఇది కాదని, మద్దిగుంపు అని, పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉందని, దానికి దారి ఊరివాళ్లే వేసుకున్నారని, వాగు మీద వంతెన లేదని. ఎవరు లెక్క అడిగినా చూపిస్తానంది. పత్రికవాళ్లు సవరమ్మనూ అడిగారు. ఆమె తన భర్త సంగతి చెప్పింది. ఈసారి మామూలుగా చెప్పలేదు.

ఆఖరి అక్షరం పోయాక జహీదా ఉలి సంచిలో పెట్టుకుని వచ్చేసింది. కేసు పెట్టే ధైర్యం సంఘం చేయలేదు. పెడితే లెక్క బయట పెట్టాలి. మంత్రి గంట ఆలస్యంగా వచ్చాడు. గుంతలు పడ్డ చోట పూలదండ వేలాడదీసి ఆవిష్కరణ కానిచ్చారు.

మరుసటి రోజు పత్రికల్లో ఫోటో వచ్చింది. దాంతో ఏదో మారుతుందని జహీదా అనుకుంటే ఏమీ మారలేదు. ప్లాట్లు అమ్ముడుపోయాయి. దుకాణానికి రావలసిన పెద్ద పనులు ఒక్కొక్కటీ వేరే కొట్టుకు మళ్లాయి. పెళ్లి పత్రికలకు దారి చూపే బొమ్మలు, ఇళ్ల ప్లాన్ల నకళ్లు, ఇవే మిగిలాయి. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆమె ప్రతి నెలా ఒక మ్యాపు నకలు తీసింది. మద్దిగుంపు, ఊరివాళ్లు వేసుకున్న నాలుగు కిలోమీటర్ల దారి, రాళ్లవాగు వెడల్పు, అన్నీ దాని మీద గీసి, కింద సవరమ్మ చేత సంతకం పెట్టించి ఆఫీసు ఆఫీసుకూ పంపింది. జవాబు రాని ప్రతిసారీ కోపం కొత్తగా రాజుకునేది. ఆ కోపంతోనే తర్వాతి మ్యాపు గీసేది.

పదమూడో అర్జీకి ఒక ఇంజనీరు వచ్చి వాగు చూసి వెళ్లాడు. రెండువేల ఐదు ఏప్రిల్లో వాగు మీద చప్టాకు, అంటే తక్కువ ఎత్తు వంతెనకు, పని మొదలైంది. సవరమ్మ ఫోను చేయించింది. సంతోషం చెప్పడానికి కాదు. "బిడ్డా, జల్దిరా. మోసం చేస్తుండ్రు" అంది.

జహీదా వెళ్లేసరికి కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించి ఉన్నాయి. ఆ చెక్కల మధ్యలో సవరమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కాంట్రాక్టరు మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "చెప్పు మేడమ్ ఈమెకు. ఎత్తు సరిగ్గనే ఉన్నది. కొలిచినం" అన్నాడు.

"ఏం కొలిచిండ్రు? ఎండకాలంల వాగును కొలిచిండ్రు" అంది సవరమ్మ లేవకుండానే. "ఆ బండ మీద బురద గీత సూడు. పోయిన ఏడు నీళ్లు ఆడిదాక వచ్చినయ్. గింత కిందికి కడితే నాలుగు నెలలు మునిగే ఉంటది."

బండ ముప్పై గజాల దూరంలో ఉంది. కంటిచూపుతో చెబితే ఎవరూ ఒప్పుకోరు. జహీదా మేస్త్రీ దగ్గర నీళ్లు నింపిన సన్నటి పారదర్శకపు పైపు అడిగి తీసుకుంది. ఒక కొసను బండ మీద బురద గీతకు ఒక కూలీ చేత ఆనింపజేసింది. రెండో కొసను తాను చప్టా చెక్కల దగ్గర పట్టుకుంది. పైపులో నీళ్లు ఊగి ఊగి నిలిచాయి. చెక్కల పైఅంచు కంటే నీటిమట్టం మూడడుగుల పైన ఉంది. మేస్త్రీ తనే వంగి చూశాడు. మళ్లీ చూశాడు.

"మూడడుగులు" అన్నాడు కాంట్రాక్టరు మనిషితో.

"ప్లానుల ఇంతే ఉన్నది" అన్నాడతను.

"అయితే ఆ ప్లాను తెప్పియ్యి. దాని మీద ఈ కొలత రాసి నేను సంతకం వెడత. ఇంజనీరు గూడ ఇక్కడికే వచ్చి సంతకం పెట్టాలె" అంది జహీదా. "అప్పటిదాక ఆమె లేవదు. నేను గూడ లేవను." చెప్పులు విడిచి చెక్కల మధ్యకు దిగి సవరమ్మ పక్కన కూర్చుంది. గుంపులోంచి ఇంకొందరు వచ్చి కూర్చున్నారు.

ఇంజనీరు మూడో రోజు వచ్చాడు. ఎండలో చెమటలు కక్కుతూ తనే పైపు పట్టుకుని కొలుచుకున్నాడు. మొదట అడుగు పెంచుతానన్నాడు. సవరమ్మ కదల్లేదు. సాయంత్రానికి రెండున్నర అడుగుల దగ్గర తెగింది. మిగిలిన అరడుగు కోసం జహీదా ఇంకా వాదిస్తూనే ఉండగా, మేస్త్రీ సుత్తె తీసుకుని పాత చెక్కల మేకులు పీకడం మొదలుపెట్టాడు.